గింజ నుంచి మొలిచిన వెన్నపండు మొక్కకు ఎంత ఎండ కావాలి?

మా పెరటి తోట శీర్షికకు ఈ నెల వచ్చిన ఉత్తరాలలో అవకాడో గురించినవే ఎక్కువ. కొందరు వెన్నపండు అని రాశారు, కొందరు బటర్ ఫ్రూట్ అన్నారు. పండు తిన్న తర్వాత కోడిగుడ్డంత గింజను చెత్తబుట్టలో వేయడానికి మనసొప్పక నాటుకున్నవారే అందరూ. అడిగిన తీరు వేరైనా ఈ మొక్కకు ఎండ కావాలా, నీడ కావాలా అన్న సందేహమే అన్నిటి వెనుకా ఉంది కాబట్టి ఆ ఉత్తరాలను ఒకచోట చేర్చి జవాబులు ఇస్తున్నాము. జవాబు ఊరిని బట్టి మారుతుంది కనుక రాసినవారి పేర్లు వదిలి ఊళ్ళు మాత్రం వేశాము.

ప్రశ్న: మాది హైదరాబాదు మియాపూర్‌లో మూడో అంతస్తు ఫ్లాటు. గింజ నాటిన ఐదు నెలలకు మొక్క అడుగున్నర ఎత్తు పెరిగింది కానీ కాండం అగరొత్తి పుల్లలా ఉంది, పైన నాలుగు ఆకులు తప్ప మధ్యలో ఏమీ లేవు, మొక్క మొత్తం కిటికీ వైపు ఒరిగిపోయింది. హాల్లో టీవీ పక్కన పెట్టాము. పగలు లైటు వేయకుండానే అక్కడ పేపరు చదువుకోగలుగుతాము కాబట్టి వెలుతురుకు లోటు లేదనుకుంటున్నాను. దక్షిణపు కిటికీ దగ్గర పెట్టమని ఇంటర్నెట్టులో చదివాను. మాకు దక్షిణాన బాల్కనీ, తూర్పున వంటింటి కిటికీ ఉన్నాయి. ఎక్కడ పెట్టమంటారు?

జవాబు: ముందుగా పేపరు సంగతి. మన కన్ను ఎంతటి మసక వెలుతురుకైనా సర్దుకుపోతుంది. గదిలోకి వెళ్ళిన రెండు నిమిషాలకు ఆ గది మనకు వెలుతురుగానే తోస్తుంది. ఆకుకు ఆ సౌకర్యం లేదు. మబ్బు లేని మిట్టమధ్యాహ్నం ఆరుబయట వెలుతురు సుమారు 1,00,000 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) ఉంటుంది. నేరుగా ఎండ పడని కిటికీ గట్టు మీద అది కొన్ని వేల లక్స్‌కు తగ్గుతుంది. అక్కడి నుంచి పది అడుగులు లోపలికి వచ్చి గోడవార చూస్తే రెండు మూడు వందలకు మించదు. చదువుకోవడానికి అది చాలు, మొక్క తన తిండి తాను వండుకోవడానికి చాలదు.

అలాంటప్పుడు అడుగున్నర ఎలా పెరిగిందన్న అనుమానం రావడం సహజమే. అది గింజ బలం. అవకాడో పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికాల కొండ అడవులు. అక్కడ పెద్ద చెట్ల కింద, ఎండ చుక్కలు చుక్కలుగా మాత్రమే నేలకు దిగే చోట ఈ గింజ మొలకెత్తాలి. అందుకే తల్లి చెట్టు దానికి అంత పెద్ద సద్దిమూట కట్టి పంపుతుంది. ఆ సద్ది ఉన్నన్నాళ్ళు మొలక ఆకుల కోసం తొందరపడదు, కాండాన్ని సాగదీసి పైకి పోవాలని చూస్తుంది, ఎందుకంటే కొమ్మల సందున ఎక్కడో ఆకాశం దొరుకుతుందన్నది దాని లెక్క. మీ హాల్లో పైన ఆకాశం లేదు, సీలింగు ఫ్యాను ఉంది. మూట ఖాళీ అయ్యేలోగా మొక్కను వెలుతురుకు చేర్చకపోతే ఉన్న నాలుగు ఆకులూ పాలిపోయి రాలిపోతాయి.

ఇక దక్షిణపు కిటికీ. ఆ సలహా తప్పు కాదు, కానీ మన ఊళ్ళ కోసం రాసినది కాదు. ఐరోపాలోనూ అమెరికాలోనూ సూర్యుడు ఏడాది పొడవునా మధ్యాహ్నవేళ దక్షిణం వైపే ఉంటాడు కాబట్టి అక్కడ ఎండ కావాలంటే దక్షిణపు కిటికీయే దిక్కు. హైదరాబాదు 17 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది. డిసెంబరులో మన మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణానికి వాలి దాదాపు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, అప్పుడు మీ దక్షిణపు బాల్కనీ లోపలి దాకా ఎండ పాకుతుంది. మే రెండో వారానికి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అక్కడి నుంచి ఆగస్టు మొదటి వారం దాకా నడినెత్తిని దాటి కొంచెం ఉత్తరానికి జరిగి ఉంటాడు కాబట్టి ఆ మూడు నెలలు మీ దక్షిణపు బాల్కనీలోకి ఒక్క ఎండ గీత కూడా నేరుగా పడదు. అంటే ఒకే బాల్కనీ చలికాలంలో ఎండగానూ వేసవిలో నీడగానూ ఉంటుంది. ఈ మొక్కకు అది చాలావరకు అనుకూలమైన సంగతే. మన పెద్దలు ఇంటికి దిక్కులు చూసేది వాస్తు కోసం అనుకుంటాము కానీ, కుండీకి దిక్కు చూడవలసింది మాత్రం అచ్చంగా ఎండ కోసమే.

మీ మొక్కకు ప్రస్తుతం మేము ఎంచేది తూర్పున ఉన్న వంటింటి కిటికీ. ఉదయపు నీరెండ రెండు మూడు గంటలు పడి, తొమ్మిదిన్నర పది దాటాక తప్పుకునే చోటు మొదటి ఏడాది మొక్కకు అన్నిటికన్నా మేలు. కిటికీకి ఆనుకుని పెట్టండి, మూరెడు దూరంలో పెట్టినా వెలుతురు బాగా తగ్గిపోతుంది. స్టవ్వు సెగ తగలకుండా చూసుకోండి. వారానికి ఒకసారి కుండీని పావు చుట్టు తిప్పితే ఒరిగిన కాండం కొత్త పెరుగుదలలో నిటారు అవుతుంది, పాత వంపు మాత్రం అలాగే మిగిలిపోతుంది.

ఎక్కడ పెట్టినా చోటు సరైనదో కాదో చేత్తోనే తెలుసుకోవచ్చు. మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో ఆకులకు అడుగు పైన అరచెయ్యి చాపి పట్టుకోండి. ఆకు మీద పడిన నీడలో ఐదు వేళ్ళూ విడివిడిగా, అంచులు కోసినట్టుగా కనబడితే అది నేరుగా పడే ఎండ, పసి మొక్కకు ఎక్కువ. చెయ్యి ఆకారం తెలుస్తూ అంచులు మసకగా కలిసిపోతే సరిపోయింది. నీడే లేకపోతే ఆ చోటు మొక్కకు పనికిరాదు.

కాండాన్ని కత్తిరించి గుబురుగా చేయాలన్న కోరిక ఉంటే మరికొంత ఓపిక పట్టండి. మామూలుగా ఆరేడు అంగుళాల ఎత్తప్పుడే సగానికి తుంచితే కింది మొగ్గలు లేచి మొక్క బలపడుతుంది. మీ మొక్క ఆ దశ దాటిపోయింది, పైగా ఉన్న నాలుగు ఆకులూ చివరనే ఉన్నాయి. కిటికీ దగ్గరకు మార్చాక ఒక విడత కొత్త చిగురు వేసి, ఆ ఆకులు ముదురు ఆకుపచ్చకు తిరిగిన తర్వాత కత్తిరించండి. కాలిఫోర్నియా నర్సరీలలో అవకాడో కొమ్మలను కావాలనే చీకట్లో పెట్టి ఇలా పాలిపోయేలా సాగదీస్తారు. అలా సాగిన కొమ్మకు వేళ్ళు సులువుగా పుడతాయి కాబట్టి అంటుకట్టే వేరుమొక్కల తయారీకి ఆ పద్ధతి వాడతారు. మీ హాల్లో జరిగింది ఆ పనే, కాకపోతే అవసరం లేకుండా జరిగింది.

ప్రశ్న: విజయవాడలో మా తూర్పు వరండాలో పది నెలల అవకాడో మొక్క ఏపుగా, అరచేతికన్నా పెద్ద ఆకులతో ఉండేది. పండ్ల చెట్టుకు ఎండ తగలాలి అని మావారు ఏప్రిల్ నెలాఖరులో దాన్ని మేడ మీదకు చేర్చారు. మూడో రోజుకు ఆకుల మీద పాలిపోయిన మచ్చలు వచ్చి, వారానికి అవి ఎండిన కాగితంలా గోధుమరంగుకు తిరిగాయి. వెంటనే కిందికి తెచ్చాను. ఎండిన ఆకులు తీసేయాలా? మొక్క తేరుకుంటుందా?

జవాబు: మీవారు చెప్పిన మాట నిజమే, ఎంచుకున్న వేళ మాత్రం సరైనది కాదు. ఎదిగిన అవకాడో చెట్టు నిండు ఎండలో నిలబడే చెట్టే. కానీ మీ మొక్క ఆకులు నీడలో పుట్టి నీడలో పెరిగినవి. నీడలో పుట్టిన ఆకు దొరికినంత వెలుతురును పట్టుకోవడానికి వెడల్పుగా, పలుచగా తయారవుతుంది. ఎండలో పుట్టిన ఆకు చిన్నగా, దళసరిగా ఉంటుంది. నీడ ఆకు ఎండ ఆకుగా మారలేదు. ఎండలో పెట్టిన తర్వాత కొత్తగా పుట్టే ఆకు మాత్రమే ఎండకు తగినట్టు తయారవుతుంది. పైగా కుండీలో పెరిగే అవకాడో ఆకు మధ్యాహ్నపు ఎండలో దాదాపు నాలుగో వంతును మాత్రమే తన పనికి వాడుకోగలదు. మిగిలింది దానికి భారం. తట్టుకునే ఏర్పాటు లేని ఆకులో ఆ భారానికి పత్రహరితం ముందు వెలిసిపోతుంది, తర్వాత కణజాలం ఎండిపోతుంది. మీరు చూసిన తెల్లమచ్చ, ఆ తర్వాతి గోధుమరంగు అవే.

కొన్నేళ్ళ క్రితం ఈ జవాబులు రాసే వ్యక్తి ఇంటి డాబా మీద కూడా ఇదే జరిగింది. ఆ రోజు దండెం మీద ఆరేసిన టవలు నీడ ఒక ఆకుకు అడ్డంగా పడింది. సాయంత్రానికి ఆ ఆకు నీడ పడిన మేర పచ్చగా, మిగతా సగం ఉడికిన తోటకూర రంగుకు తిరిగి ఉంది. రెండు రంగుల మధ్య గీత స్కేలు పెట్టి గీసినంత తిన్నగా ఉంది. ఎండ దెబ్బను మరో జబ్బుగా పొరబడకుండా ఉండటానికి ఇదే గుర్తు. మచ్చ సూర్యుడి వైపు తిరిగిన భాగంలోనే, ఆకు మధ్యన ఉంటుంది, పై ఆకు నీడ పడిన చోట ఉండదు.

ఎండిన ఆకులను తీసేయకండి. సగం పచ్చగా ఉన్న ఆకు సగం పని చేస్తూనే ఉంటుంది, మొత్తం ఎండినది కూడా తనంతట రాలే దాకా కాండానికి గొడుగు పడుతుంది. అవకాడో కాండం బెరడు పలుచన, దానికి కూడా ఎండ దెబ్బ తగులుతుంది. కాండం మీద గోటితో చిన్నగా గీరి చూడండి, లోపల పచ్చగా తడిగా ఉంటే మొక్క క్షేమంగా ఉన్నట్టే. ఎరువు వేయవద్దు. నీళ్ళు కూడా జాలిపడి పోయవద్దు, ఎందుకంటే ఆకులు పోయిన మొక్క మునుపటంత నీరు తాగలేదు, తడి నిలిచిన కుండీలో వేరుకుళ్ళు పట్టుకుంటుంది. ఈ జాతికి ఎండకన్నా పెద్ద శత్రువు ఆ తెగులే. పైమట్టి రెండంగుళాల లోతు దాకా ఆరిన తర్వాతే పోయండి. నెల, నెలన్నరలో చిగురు వస్తుంది. ఆ చిగురు రాగి రంగులో ఎర్రగా ఉంటే కంగారు పడకండి, లేత ఆకు గట్టిపడే దాకా ఎండ నుంచి కాపాడే రంగు అది, మామిడి చిగురుకు ఉన్నట్టే.

మళ్ళీ మేడ మీద పెట్టాలనుకుంటే రోళ్ళు పగిలే రోహిణి కార్తె దాటనివ్వండి. మృగశిర వచ్చి, రుతుపవనాలు నిలదొక్కుకుని, ఆకాశం రోజూ కొంతసేపైనా మబ్బు పట్టే వేళ మొదలుపెట్టండి. మొదటి మూడు రోజులు ఉదయం ఒక గంట, ఆ తర్వాత మూడు నాలుగు రోజులకొకసారి ఒక్కో గంట చొప్పున పెంచుకుంటూ పోతే మూడు వారాలకు ఉదయమంతా బయట ఉండగలుగుతుంది. ఈ లోపల చెమ్మ గాలి కూడా మొక్కకు తోడుగా ఉంటుంది. వచ్చే ఏడాది మార్చి నుంచి జూన్ మధ్య దాకా ఎండను సగం ఆపే యాభై శాతం షేడ్ నెట్ కింద ఉంచండి, పడమటి ఎండ పూర్తిగా తప్పించండి. ఒక్క ఎండే కాదు, డాబా గచ్చు సెగ కూడా ఉంటుంది. నల్ల ప్లాస్టిక్ కుండీని కాలే గచ్చు మీద పెడితే ఆకులకన్నా ముందు వేళ్ళు ఉడుకుతాయి. మట్టి కుండీలో, రెండు ఇటుకల మీద, గాలి ఆడేలా పెట్టండి.

ప్రశ్న: కర్నూలులో ఉంటాను. గింజకు టూత్‌పిక్‌లు గుచ్చి గాజు గ్లాసులో నీటి మీద నిలిపి, బాగా వెలుతురు తగలాలని వంటింటి కిటికీలో ఎండలో పెట్టాను. నెల దాటింది. నీళ్ళు పచ్చగా మారాయి కానీ మొలక లేదు.

జవాబు: మొలకెత్తడానికి గింజకు వెలుతురు అక్కరలేదు, వెచ్చదనం, తడి చాలు. మీరు పెట్టిన ఎండ వల్ల లాభపడింది నాచు మాత్రమే. గ్లాసును నీడకు మార్చండి, చుట్టూ ఒక న్యూస్ పేపరు చుట్టండి, నీళ్ళు మూడు రోజులకొకసారి మార్చండి. వెడల్పుగా ఉన్న అడుగు భాగం నీటిలో, కోసుగా ఉన్న కొన పైకి ఉందో లేదో చూసుకోండి. పై గోధుమరంగు పొరను మెల్లగా ఒలిస్తే మొలక కొంత తొందరగా వస్తుంది. రెండు వారాల నుంచి రెండు నెలల దాకా పట్టవచ్చు. అయితే ఈ గింజ వడ్ల లాగా ఆరబెట్టి దాచుకునేది కాదు, తడి ఆరిపోతే ప్రాణం పోతుంది. పండు తిన్న తర్వాత గింజను కొన్ని వారాలు బల్ల మీద వదిలేసి అప్పుడు నాటి ఉంటే కొత్త గింజతో మొదలుపెట్టడమే మంచిది. మొలక నేల మీదికి తల ఎత్తాక, మొదటి ఆకు విప్పే వేళ కిటికీకి తెచ్చుకోండి.

మా మటుకు మేము గ్లాసుకన్నా కుండీనే ఇష్టపడతాము. ఎర్రమట్టి, కొబ్బరి పీచు పొట్టు, కాస్త ఇసుక కలిపి గింజ పై మూడో వంతు బయటకు కనబడేలా నాటితే వేళ్ళకు మొదటి నుంచే చీకటి దొరుకుతుంది. గ్లాసులో వేళ్ళు దిగడం చూడటం పిల్లలకు సరదా, ఆ సరదా కోసమైతే కాదనము.

ప్రశ్న: ఒంగోలులో మా మొక్కకు ఉదయం ఎండ మాత్రమే తగులుతుంది. అయినా ఆకుల కొసలు, అంచులు మాడిపోతున్నాయి. ఇంకా నీడకు మార్చాలా?

జవాబు: మార్చవద్దు. మీరు వర్ణించిన మాడు ఎండది కాదు. ఎండ దెబ్బ ఆకు మధ్యలో పడుతుంది అని పైన రాశాము. కొస నుంచి మొదలై అంచుల వెంబడి లోపలికి పాకేది, ముదురు ఆకుల్లో ముందు కనబడేది ఉప్పు. అవకాడో ఉప్పును సహించని పండ్ల మొక్కల్లో ముందు వరుసలో ఉంటుంది. బోరు నీటిలోని లవణాలను ఆకు కొస దాకా మోసుకుపోయి అక్కడ పోగు చేసుకుంటుంది. ఎండ దీనికి పరోక్షంగా మాత్రమే కారణం. ఎండ ఎక్కువైతే మొక్క ఎక్కువ నీరు తాగుతుంది, దానితోపాటు ఎక్కువ ఉప్పు వస్తుంది.

వాన నీరు పట్టుకోగలిగితే అంతకన్నా మంచి మందు లేదు. అది లేనప్పుడు, నెలకు ఒకసారి కుండీ అడుగు నుంచి ధారగా కారిపోయేంత నీరు పోసి మట్టిలోని లవణాలను కడిగేయండి. ప్రతిరోజూ చెంబుడు పోసే అలవాటు ఉంటే మానండి, కొంచెం కొంచెంగా పోసే నీరు ఆరిపోతుంది, ఉప్పు మట్టిలోనే మిగులుతుంది. వాటర్ ఫిల్టరు పక్క గొట్టం నుంచి వృథాగా పోయే నీటిని పొదుపు పేరుతో మొక్కలకు పోసే ఇళ్ళు చాలా ఉన్నాయి. బోరు నీటిలోని ఉప్పంతా చిక్కబడి చేరేది ఆ నీటిలోనే కాబట్టి దాన్ని ఈ మొక్క దరిదాపులకు కూడా రానివ్వకండి.

ప్రశ్న: మేము అమెరికాలో న్యూజెర్సీలో ఉంటాము. వేసవి అంతా డెక్ (ఇంటి బయటి చెక్క అరుగు) మీద చక్కగా పెరిగిన రెండేళ్ళ మొక్కను అక్టోబరులో ఇంట్లోకి తెచ్చాక ఆకులు ఒక్కొక్కటే రాలుతున్నాయి. కరివేపాకు మొక్క పక్కన హీటరు దగ్గర పెట్టాము. ఊదారంగు వెలుతురు ఇచ్చే గ్రో లైటు కొనాలా?

జవాబు: హైదరాబాదు పాఠకురాలికి మేము ఎంచని దక్షిణపు దిక్కు మీకు తప్పనిసరి. మీ ఊళ్ళో డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు 27 డిగ్రీల ఎత్తు కూడా దాటడు. పగలు తొమ్మిదింబావు గంటలకు కుంచించుకుపోతుంది. మన వైపు అతి చిన్న పగలు కూడా పదకొండు గంటలు ఉంటుంది. డెక్ మీద వేల లక్స్‌లకు అలవాటు పడిన ఆకులను ఒక్కరోజులో వందల్లోకి దించారు. అంత వెలుతురుకు అన్ని ఆకులను పోషించలేక మొక్క ముదురు ఆకులను వదిలేసి ఖర్చు తగ్గించుకుంటోంది. దానికి హీటరు ఊదే పొడిగాలి తోడైంది. కాబట్టి మొదటి పని హీటరు దగ్గర నుంచి తీసి, ఎదురుగా చెట్టో ఇల్లో అడ్డం లేని దక్షిణపు కిటికీకి చేర్చడం. అద్దానికి ఆకు ఆనకూడదు, రాత్రి చల్లబడిన అద్దం ఆకును గాయపరుస్తుంది. మీ చలికాలపు ఏటవాలు ఎండ ఎంత నేరుగా పడినా ఈ మొక్కకు కీడు చేయదు, నిశ్చింతగా తగలనివ్వండి.

లైటు కొనడం మంచిదే, అది ఊదారంగే కానక్కరలేదు. మామూలు తెల్లని ఎల్ఈడీ లైటుతోనూ మొక్క పెరుగుతుంది, పైగా హాల్లో కూర్చున్నవారి కళ్ళకు హాయి. ముప్ఫై నలభై వాట్ల దీపాన్ని చివరి చిగురుకు అడుగు ఎత్తున వేలాడదీసి, టైమరు పెట్టి, పగటి వెలుతురుతో కలుపుకుని రోజుకు పద్నాలుగు గంటలు ఉండేలా చూడండి. ఎత్తు విషయంలో అశ్రద్ధ వద్దు. దీపం దూరం రెట్టింపైతే ఆకుకు చేరే వెలుతురు సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది, అందువల్ల సీలింగుకు బిగించిన లైటు ఎంత ఖరీదైనదైనా కింద ఉన్న కుండీకి పెద్దగా ఉపకరించదు. రాత్రంతా వెలిగించి ఉంచవద్దు. నీళ్ళు వేసవిలో పోసినదానిలో సగానికి తగ్గించండి.

వచ్చే ఏడు రాత్రి చలి 10 డిగ్రీల సెల్సియస్‌కు దిగకముందే, సెప్టెంబరు చివర్లో, ముందు చెట్టు నీడకు, తర్వాత పోర్చిలోకి, ఆ తర్వాత ఇంట్లోకి రెండు వారాల వ్యవధిలో దశలవారీగా తెస్తే ఇంత ఆకు రాలదు. వసంతంలో మంచు భయం పూర్తిగా పోయాక బయటకు చేర్చేటప్పుడు కూడా విజయవాడ పాఠకురాలికి చెప్పిన గంటల లెక్కనే పాటించండి. అమెరికా ఎండే కదా అని తేలికగా తీసుకోవద్దు, ఇంట్లో పుట్టిన ఆకు జూన్ నెల న్యూజెర్సీ ఎండకు కూడా మాడుతుంది.

ప్రశ్న: మెల్‌బోర్న్‌లో కూడా దక్షిణపు కిటికీయేనా?

జవాబు: కాదు, ఉత్తరపు కిటికీ. మీకు మధ్యాహ్నపు సూర్యుడు ఎప్పుడూ ఉత్తరానే ఉంటాడు. మీ దక్షిణపు కిటికీలో ఈ మొక్క పైన చెప్పిన మియాపూర్ మొక్కలాగా సాగిపోతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో మాత్రం మీ వేసవి మధ్యాహ్నపు ఎండ తీవ్రత చాలా ఎక్కువ కాబట్టి పలుచని తెర వేయండి.

ప్రశ్న: ఖమ్మం దగ్గర మాకు కొంత తోట ఉంది. గింజతో వచ్చిన అవకాడో మొక్క రెండున్నర అడుగులు ఉంది. నేలలో నాటాలనుకుంటున్నాను. ఎండ ఎక్కువని మామిడి చెట్టు కింద నాటమని ఇంట్లో అంటున్నారు. అలా నాటితే కాపు వస్తుందా? ఎన్నేళ్ళకు?

జవాబు: మామిడి కింద నాటితే బతుకుతుంది, కాయదు. మొదటి రెండేళ్ళు నీడ కోరే ఈ మొక్క తర్వాత ఎండ కోసం అడవిలో పెద్ద చెట్లను చీల్చుకుని పైకి వెళ్ళే జాతి. ఎండ తగిలిన కొమ్మల చివర్లలోనే పూత వస్తుంది. మామిడి నీడ ఏడాది పొడవునా చిక్కగా ఉంటుంది, తీసేద్దామంటే కుదరదు, పైగా కింద వేళ్ళు నీటికోసం పోటీ పడతాయి. మీకు కావలసింది రెండేళ్ళు ఉండి ఆ తర్వాత తొలగిపోయే నీడ. తమలపాకు తోటల్లో అవిసె మొక్కలు వేసి తీగలకు పలుచని నీడ ఇచ్చే పద్ధతి మనవాళ్ళకు తెలిసినదే. అదే విధంగా మొక్కకు పడమర, నైరుతి దిక్కుల్లో నాలుగైదు అడుగుల దూరంలో అవిసె గానీ ఆముదం గానీ తొలకరిలోనే వేయండి. వేసవి వచ్చేలోగా అవి మొక్కను మించి ఎదిగి మధ్యాహ్నపు ఎండను జల్లెడ పట్టినట్టు వడకడతాయి, తూర్పు ఎండను అడ్డుకోవు. మొదటి వేసవిలో అదనంగా పడమటి వైపు తాటాకు తడిక నిలబెట్టండి. పైన పూర్తిగా కప్పి గుడిసెలా చేస్తే లోపల ఉక్కపోస్తుంది, మొక్క సాగిపోతుంది, కనుక పైభాగం తెరిచే ఉంచండి.

కాపు విషయంలో ఆశ పెట్టుకునేముందు రెండు మాటలు. గింజతో పెరిగిన అవకాడో సాధారణంగా ఆరు నుంచి పదేళ్ళకు, ఒక్కోసారి అంతకన్నా ఆలస్యంగా పూతకు వస్తుంది, పండు కూడా తల్లి పండు రుచి రంగులతో ఉంటుందన్న నమ్మకం లేదు. అలాగని ప్రతి గింజ మొక్కనూ తీసిపారేయలేము. ఈ రోజు ప్రపంచమంతటా అమ్ముడుపోయే హాస్ రకం కాలిఫోర్నియాలోని లా హాబ్రా హైట్స్‌లో రుడాల్ఫ్ హాస్ అనే పోస్టుమన్ నాటిన ఒకానొక గింజ నుంచి వచ్చినదే. ఆ మొక్క మీద అంటు కట్టబోతే అంటు నిలవలేదు. విసిగిపోయి దాని మానాన దాన్ని వదిలేశాడు, తర్వాత దాని కాయ రుచి చూసి 1935లో పేటెంటు తీసుకున్నాడు. అటువంటి అదృష్టం అరుదు. కాయలే ముఖ్యమైతే మంచి నర్సరీ నుంచి అంటుమొక్క తెచ్చుకోవడం మేలు, మీ గింజ మొక్కను దాని పక్కన పెంచుకోండి. అవకాడో పువ్వు మొదటిసారి విచ్చినప్పుడు ఆడపువ్వుగా, ముడుచుకుని మళ్ళీ విచ్చినప్పుడు మగపువ్వుగా పనిచేస్తుంది. ఈ వేళలు రకాన్ని బట్టి ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటిగా మారుతాయి కాబట్టి రెండు వేర్వేరు చెట్లు ఉంటే కాపుకు లాభమే. కొడగు, నీలగిరుల వంటి చల్లని కొండ ప్రాంతాల్లో వచ్చినంత కాపు ఖమ్మం వడగాడ్పులలో వస్తుందని మేము చెప్పలేము, వేడిని కొంత ఎక్కువగా ఓర్చుకునే వెస్ట్ ఇండియన్ (వెస్ట్ ఇండీస్ దీవుల పేరు మీద పిలిచే) జాతి రకాలు అడిగి తీసుకోండి.

రెండో వేసవి దాటాక, వానలు పడ్డ తర్వాత అవిసెను ఒకేసారి కొట్టేయకండి. ముందు ఏడాది సగం కొమ్మలు నరికి పశువులకు వేయండి, మరుసటి తొలకరికి మిగిలినది తీసేయండి. కొట్టేసిన వారంలోపు అవకాడో కాండానికి నేల నుంచి మొదటి కొమ్మ దాకా పలుచని సున్నం పూయండి, కొబ్బరి చెట్ల మొదళ్ళకు పూసినట్టుగా. అప్పటిదాకా నీడలో ఉన్న ఆ లేత బెరడుకు పడమటి ఎండ మొదటిసారి నేరుగా తగిలేది అప్పుడే. వానలకు సున్నం కరిగిపోతుంది కనుక ఫిబ్రవరి నెలాఖరులో, ఎండలు ముదరకముందే మరొక పూత వేయండి. గొడుగులా పరచుకున్న చెట్టు తన నీడను తన మొదలు మీద తానే వేసుకోగలిగే దాకా ఏటా ఆ పూత కొనసాగించండి.